నేనూ, నా 109

నా కంప్యూటర్‌లో ఉన్న క్రోమ్ బ్రౌజర్ నంబరు 109. 2023 జనవరిలో పుట్టింది. విండోస్ 7 మీద నడిచే క్రోముల్లో అదే ఆఖరు సంతానం. ఆ తర్వాతి నెలలో వచ్చిన 110, విండోస్ 10 గానీ ఆపైది గానీ లేని ఇళ్లకు రానని తెగేసి చెప్పింది. మా ఇంటికి రాలేదు. నేనూ పిలవలేదు.

అప్పట్నుంచీ బ్రౌజర్ తెరవగానే పైన ఒక పట్టీ కనిపిస్తుంది. ఇకముందు అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 ఉండాలని అందులో రాసి ఉంటుంది. చివర చిన్న ఇంటూ గుర్తు. నేను ఆ ఇంటూ నొక్కుతాను. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ నొక్కుతాను. దానికీ నాకూ ఇంతకు మించి పేచీ లేదు. పేచీ అంతా సైట్లతోనే.

ఈమధ్య కొన్ని సైట్లు నా మొహం చూడగానే తలుపేసేస్తున్నాయి. తెల్లటి పేజీ, నడిమధ్య రెండు ముక్కలు: మీ బ్రౌజర్ పాతది, దయచేసి అప్‌డేట్ చేసుకోండి. కింద నీలం బటను. నొక్కితే బ్రౌజర్ దించుకునే చోటికి పంపుతుంది. వాళ్లు మీ విండోస్ పాతదంటారు. విండోస్ వాళ్లను అడిగితే మీ కంప్యూటర్ పాతదంటారు. కంప్యూటర్ షాపుకి వెళితే అక్కడి కుర్రాడు నన్ను ఓసారి ఎగాదిగా చూసి, అనాల్సింది అనలేక, "కూర్చోండి సార్, టీ తాగుతారా?" అంటాడు.

మార్చేసుకోవచ్చుగా అని మీరంటారు. మీకంటే చాలా ముందే మా ఆవిడ అంది. మావాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న డెస్క్‌టాప్ అది. వాడు చదువు ముగించి బెంగళూరు వెళ్లిపోయాడు, అది నాకు మిగిలింది. దానిమీద మా ఆవిడ కుట్టిన పూలగుడ్డ కప్పి ఉంటుంది. యూపీఎస్ కరెంటు పోయినప్పుడు ఊరుకుని, ఉన్నప్పుడు కీచుమంటుంది. స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని, పేపరు మొదటి పేజీ చదివి వస్తే అప్పుడు తెరమీద బాణం గుర్తు కదలడం మొదలుపెడుతుంది.

అయినా నేను దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. అందులో పేజ్‌మేకర్ 7 ఉంది, అను ఫాంట్లు ఉన్నాయి. డీటీపీ ఎరిగినవాళ్లకు ఈ రెండు పేర్లు చెబితే చాలు, తక్కింది వాళ్లే అర్థం చేసుకుని నిట్టూరుస్తారు. పేజ్‌మేకర్‌కి 7 తర్వాత మరో నంబరు లేదు, 2001తోనే సరి. కానీ నేను రాసిన వ్యాసాలూ, మా కాలనీ సావనీర్లూ, బంధువర్గంలో నేను ఉచితంగా చేసిపెట్టిన పెళ్లి శుభలేఖలూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫైళ్లను ఫాంటు లేని కొత్త మెషిన్లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట నెత్తిన టోపీలూ చుక్కలూ పెట్టుకున్న యూరప్ అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. వధూవరుల పేర్లు కూడా అందులోనే ఎక్కడో ఉంటాయి.

ఇది నేను బయటివాళ్లకు చెప్పే కారణం. లోపలి కారణం బద్ధకం. పేజ్‌మేకర్ దానికి దొరికిన పరువైన సాకు. "పేజ్‌మేకర్‌కి ఆ పాతది ఉంచుకో నాన్నా, ఇంటర్నెట్‌కి వేరే మెషిన్ కొంటాను" అని మావాడు ఎప్పుడో అన్నాడు. ఇంత సులువైన ఉపాయం ఉందని తెలిశాక దాన్ని వినపడనట్టు నటించడానికి నేను పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు.

మావాడు బెంగళూరులో చేసే ఉద్యోగాన్ని ఫ్రంట్ ఎండ్ అంటారు. అంటే సైటు పైకి కనిపించే భాగం కట్టడం. వాడు ఏం కడతాడో నాకు చాలాకాలం తెలియదు. ఓ ఆదివారం వీడియో కాల్లో బయటపడింది. మీ బ్రౌజర్ పాతది అనే తెల్ల పేజీ ఉందే, వాళ్ల కంపెనీ సైటుకి దాన్ని రాసింది వీడేనట! నేను కట్టిన ఫీజులతో నేర్చుకున్న విద్య, తిరిగొచ్చి నా మీదే పడింది.

"ఒరేయ్, కుక్కర్ రబ్బరు ధర చూద్దామంటే ఓ సైటు రానివ్వడంలేదు. నేనేమన్నా దోచుకుపోతానా?" అన్నాను.

"నువ్వు దోచుకోవు నాన్నా. నిన్నే దోచుకుంటారు" అన్నాడు. 109 తర్వాత బయటపడ్డ కన్నాలు ఒక్కటీ నా దాంట్లో పూడ్చలేదనీ, పైగా కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాతదాంట్లో కన్నం ఏ పక్కన ఉండేదో నలుగురికీ తెలిసిపోతుందనీ చెప్పాడు. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై గుర్తుందా అన్నాడు. ఎందుకు గుర్తులేదు? ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయని పేపర్లో చదివి, పోలీసులకే దిక్కులేదని కాలనీ అంతా తిరిగి చెప్పింది నేనే. ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివాళ్లను పట్టుకుంది.

"అది విండోస్ గొడవ కదరా, బ్రౌజర్‌ది కాదుగా" అని పాయింటు లాగాను.

"నీ విండోస్ మాత్రం? 2020 జనవరి 14నే వదిలేశారు దాన్ని."

పక్కనుంచి మా ఆవిడ, "బాగా చెప్పావురా" అంది. ఆవిడ ఎవరి పక్షమూ కాదు. ఎవరు గెలిస్తే ఫోను త్వరగా తన చేతికొస్తుందో వాళ్ల పక్షం.

ఆ రోజుకి ఓడిపోయినా, ఒక ఆయుధం సంపాదించాను. సైటు బ్రౌజర్‌ని ఎలా గుర్తుపడుతుందో వాడు మాటల్లో చెప్పేశాడు. ప్రతి బ్రౌజరూ గుమ్మంలోకి వచ్చి తనెవరో చెప్పుకుంటుందట. నాది చెప్పుకునేది ఇదీ: మొజిల్లా 5.0, విండోస్ ఎన్‌టీ, యాపిల్ వెబ్‌కిట్ 537.36, కేహెచ్‌టీఎంఎల్, గెకో వంటిది, క్రోమ్ 109, సఫారీ 537.36. పెళ్లిపీటల మీద పురోహితుడు చెప్పే ప్రవరే! కాకపోతే ఇందులో సగంమంది ఋషులతో చుట్టరికం లేదు. మొజిల్లా అంటే 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్‌కి ఇంట్లో పేరు. అప్పట్లో కొన్ని సైట్లు మొజిల్లా అన్నవాళ్లకే మంచి పేజీ ఇచ్చేవి. అది చూసి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నేనూ మొజిల్లానే అంది. తర్వాత వచ్చినవాళ్లంతా అదే పాట. నెట్‌స్కేప్ పోయింది, దాని పేరు మాత్రం అందరి ప్రవరలోనూ మిగిలింది. ఆ వరసలో వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్ మాత్రం క్రోమ్‌కి నిజంగానే తండ్రీ తాతలు.

ఇంకో ముచ్చట. 2009లో ఒపెరా బ్రౌజర్ పదో వెర్షన్ వస్తుంటే, చాలా సైట్లు నంబరులో మొదటి అంకె ఒక్కటే చదివి 10ని 1 అనుకున్నాయట. పాతదని చెప్పి బయటికి పంపబోయాయి. చేసేదిలేక ఒపెరా తన పేరు దగ్గర 9.80 అనే రాసుకుని, అసలు నంబరు చివర్లో ఎక్కడో ఇరికించింది. కాబట్టి గుమ్మంలో అబద్ధం చెప్పడం ఈ రంగంలో సంప్రదాయమే. నేనెందుకు చెప్పకూడదు?

ఎఫ్12 నొక్కితే తెర కింది సగంలో ఇంజనీర్ల సరంజామా తెరుచుకుంటుంది. అందులో ఓ మూల ప్రవర మార్చుకునే వీలుంది. మొదట ఐఫోన్‌ని అన్నాను. కుక్కర్ రబ్బరు సైటువాడు నమ్మాడు. నమ్మి, ఫోనుకిచ్చే పేజీ ఇచ్చాడు. ఒకే ఒక్క కుక్కర్ నా తెరంతా ఆక్రమించింది. దాని విజిల్ నా పిడికిలంత ఉంది. తర్వాత కొత్త క్రోమ్‌ని అన్నాను. తలుపు తెరుచుకుంది! కింద సగం అర్థంకాని కోడు, పైన సగం కుక్కర్ రబ్బర్లు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "కొన్నారా?" అంది. ఆవిడ ప్రశ్నలెప్పుడూ ఇలాగే ఉంటాయి.

కొనాలంటే ముందు చవకది చూడాలి కదా. నేను ఏ సైటుకెళ్లినా మొట్టమొదట నొక్కేది "తక్కువ ధర ముందు". నొక్కాను. ఏమీ జరగలేదు. కింద సగంలో మాత్రం ఒక ఎర్ర గీత పడింది. ఇంకోసారి నొక్కాను, ఇంకో ఎర్ర గీత. తెర నిండా ఎర్రబారాక మావాడికి ఫోన్ చేసి కెమెరా అటు తిప్పాను.

"టూసార్టెడ్ అనే ఫంక్షన్ లేదంటోంది నాన్నా" అన్నాడు.

"ఎందుకు లేదు?"

కాసేపు ఆగాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "అది 110లో వచ్చింది."

ఒక్క నంబరు! ఒక్క నంబరులో తప్పిపోయింది కుక్కర్ రబ్బరు.

"పాతకాలం నుంచీ ఉన్న సార్ట్ వాడితే పని జరగదా?"

"జరుగుతుంది. ముందు ఒక కాపీ తీసి దాన్ని సార్ట్ చెయ్యాలి."

"ఎన్ని అక్షరాలు ఎక్కువ కొట్టాలి?"

"నాలుగో అయిదో..."

నాలుగు అక్షరాలు కొట్టడానికి బద్ధకించి ఓ పెద్దమనిషిని గుమ్మం బయట నిలబెట్టారా అని నేను గొంతు పెంచాను. బద్ధకం గురించి నేను మాట్లాడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

మావాడు చెప్పిన జవాబు మాత్రం న్యాయంగానే ఉంది. నాలుగు అక్షరాలు ఒక్కచోట కాదట. ఆ సైటు తన కోడులో సగానికి పైగా ఎవరెవరో రాసిపెట్టిన సరంజామా తెచ్చుకుని వాడుతుంది, అందులో ఎవరెక్కడ కొత్త మాట వాడారో ఎవరికీ తెలియదు. ప్రతి పాత నంబరు మీదా ప్రతి బటనూ నొక్కి చూడాలంటే ఒక మనిషికి అదే ఉద్యోగం. "లోపలికి రానిచ్చాక డబ్బు కట్టే బటను పనిచేయకపోతే? కట్టిందో లేదో తెలియక నువ్వు నాలుగుసార్లు నొక్కితే? దానికంటే గుమ్మంలోనే చెప్పడం మర్యాద కదా నాన్నా." నాలుగుసార్లు నొక్కేవాణ్ణే, వాడికి తెలుసు.

అంతా విన్నాక కూడా నాకొకటి మింగుడుపడలేదు. నంబరు చూసి పంపేయడమెందుకు? ఈ పని చేయగలవా అని బ్రౌజర్‌నే అడగొచ్చు కదా? అడిగే పద్ధతి ఉందని వాడే ఒప్పుకున్నాడు. చేయగలిగితే సరే, లేకపోతే ఆ ఒక్క బటను తీసేసి తక్కిన పేజీ చూపించొచ్చట. మంచి ఇంజనీర్లు అలాగే చేస్తారట. మరి నువ్వో అంటే, "మా మేనేజరుకి టైం ఉండదు" అన్నాడు.

పైగా చదువుకునే పేజీకి ఇంత ఆర్భాటం దేనికి? టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో కూర్చుని 1990ల మొదట్లో పెట్టిన తొలినాటి వెబ్ పేజీని అక్కడివాళ్లు మళ్లీ నిలబెట్టి ఉంచారు. తెరిచి చూశాను. నా 109లో ఠక్కున వచ్చింది. తెల్లటి కాగితం, నల్లటి అక్షరాలు, నీలం లింకులు. ముప్పై ఏళ్లనాటి పేజీ ఎవరినీ నంబరు అడగదు. నిన్న పెట్టిన రబ్బరు పేజీ అడుగుతుంది.

నాకిలా పౌరుషం వచ్చినప్పుడల్లా మావాడు బయటికి తీసేది ఒక పాత సీడీ. అందులో మా కాలనీ సంఘానికి ఒకప్పుడు నేనే తయారుచేసిన సైటు ఉంది. అధ్యక్ష కార్యదర్శుల ఫొటోలు, కుడినుంచి ఎడమకి పరుగెత్తే స్వాగతం అక్షరాలు, అడుగున: "ఈ సైటును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 800×600లో మాత్రమే చూడగలరు." మాత్రమే అన్న మాట నాదే. ఎరుపు రంగు కూడా నాదే.

అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మహర్దశలో ఉన్న రోజులు. ఆరో వెర్షన్ 2001లో వచ్చింది. యూనికోడ్ ఇంకా పాకలేదు, తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లే దించుకునేలా పెట్టేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే వార్త, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే మళ్లీ ఆ టోపీ అక్షరాలే. ఫైర్‌ఫాక్స్ అభిమానులు పద్మ అనే పొడిగింత తగిలించుకుని, ఆ గందరగోళాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చుకుని చదివేవారు. మా ఆఫీసులో అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు. నలుగురూ వాడేది వాడొచ్చుగా, ఎందుకయ్యా ఈ తిప్పలు అని ఆయన్ని రోజూ ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడాయన కనిపిస్తే పక్క సందులోంచి వెళ్తున్నాను.

ఆ ఎక్స్‌ప్లోరర్ 6కి పట్టిన గతి నాకు మావాడే సరదాగా చెబుతుంటాడు. 2009లో యూట్యూబ్‌లో కొందరు కుర్ర ఇంజనీర్లు దానితో విసిగి, మీ బ్రౌజర్‌కి త్వరలో మా సాయం ఆగిపోతుందంటూ దాన్ని వాడేవాళ్ల తలమీద ఒక పట్టీ వేలాడదీశారు. పైవాళ్లను అడగను కూడా లేదట. నెల తిరిగేసరికి అక్కడ ఆ బ్రౌజర్ వాడకం సగానికి పడిపోయింది. 2010లో అమెరికాలో డెన్వర్ నగరంలో ఓ డిజైన్ సంస్థ దానికి అంత్యక్రియలు కూడా జరిపింది. మైక్రోసాఫ్ట్ పూలు పంపింది! 2012లో ఆస్ట్రేలియాలో కోగన్ అనే ఆన్‌లైన్ దుకాణం తలుపు మూయకుండా ఇంకో ఉపాయం పన్నింది. ఎక్స్‌ప్లోరర్ 7తో వచ్చి కొనేవాళ్ల బిల్లు మీద 6.8 శాతం పన్ను. ఆ బ్రౌజర్ పుట్టి ఎన్ని నెలలైతే నెలకి 0.1 శాతం చొప్పున లెక్క.

ఈ పన్ను సంగతి మా ఆవిడ చెవిన పడకుండా చూడాల్సింది. పడింది. ఆవిడ దాన్ని బ్రౌజర్లకే పరిమితం చెయ్యలేదు. చొక్కాలు, స్కూటరు, గోడగడియారం, నా చెప్పులు అన్నీ నెలకి 0.1 చొప్పున లెక్కేసి, ఏడాదికి ఒక బంగారు గాజు వస్తుందని తేల్చింది.

నవ్వులాట పక్కన పెడితే, నా వాదానికి బలం ఇచ్చినవాడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. కూతురి ఇంటర్ రిజల్టు చూద్దామని ఏదో సైటు తెరిస్తే అప్‌డేట్ చేసుకోమంటోందని తన కీప్యాడ్ ఫోను పట్టుకుని వచ్చాడు. 2017లో 1500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చాక అలాంటి ఫోన్లోనే ఇంటర్నెట్ మొహం మొదటిసారి చూసిన ఇళ్లు ఎన్నో. అందులో నడిచేది కైఓఎస్. దాని లోపలి బ్రౌజర్ ఇంజను ఫైర్‌ఫాక్స్ 48 నాటిది, అంటే 2016 సరుకు. ఫోను కొన్ననాటికే అది పాతది. దాన్ని మార్చుకోవడం కొన్నవాడి చేతిలో లేదు. నీలం బటను ఎన్నిసార్లు నొక్కినా అక్కడ దించుకోవడానికి ఏమీ ఉండదు. నాది మొండితనం, ఆయనది స్తోమత లేకపోవడం. తెల్ల పేజీకి ఈ తేడా తెలియదు, ఇద్దరికీ ఒకే ముక్క చెబుతుంది.

"నా సిస్టంలో చూద్దాం రావయ్యా" అని దర్జాగా తీసుకెళ్లి, పూలగుడ్డ తీసి, స్విచ్చి వేశాను. యూపీఎస్ కీచుమంది. బాణం గుర్తు కదిలేలోపు మా ఆవిడ తన ఫోన్లో హాల్‌టికెట్ నంబరు కొట్టి, "ఫస్ట్ క్లాసయ్యా, స్వీటు తే" అని చెప్పేసింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాక నా తెరమీద పట్టీ వచ్చింది. ఇంటూ నొక్కాను.

బ్యాంకు తలుపు మూస్తే మాత్రం నేను నోరెత్తను. టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత తాళాలను 2020లోనే పెద్ద బ్రౌజర్లన్నీ పక్కన పెట్టేశాయి. డబ్బున్న చోట ఆ తాళం వేసుకుంటానంటే ఎవరు ఒప్పుకుంటారు? నా పెన్షన్ అక్కడే ఉంది. కొత్తది మంచిదే అనడానికి మన అక్షరమే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో తెలుగు జ్ఞా ఒకటి ఎవరో మెసేజ్‌లో పంపితే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి చేరితే దాన్ని గీయలేక ఫోను చేతులెత్తేసేది. ఆ నెల 19న వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది. లక్ష రూపాయల ఫోను మన ఒక్క ఒత్తుకి పడిపోయిందని నేను వారంరోజులు పొంగిపోయాను. అప్‌డేట్ వేసుకోమని ఐఫోన్ ఉన్న బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎదుటివాళ్లకు అప్‌డేట్ చెప్పడంలో నాకు ఎప్పుడూ బద్ధకం లేదు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు అమ్మ ఫోను అందుకుని అటూ ఇటూ చూశాడు. వాడి మొహంలో ఇబ్బంది కనిపించింది. నాకు ఉత్సాహం కలిగింది.

"అమ్మా, నీది ఆండ్రాయిడ్ 9. క్రోమ్ 138తో ఆగిపోయింది. 139కి ఆండ్రాయిడ్ 10 కావాలి."

"అంటే?"

"అంటే నువ్వూ నాన్న వరసలోకి వచ్చేశావు."

ఇన్నాళ్లకు నాకు తోడు దొరికిందని పొంగిపోయాను. పాత బ్రౌజర్ల హక్కుల గురించీ, సెర్న్ పేజీ గురించీ, నాలుగు అక్షరాల గురించీ ఆవిడకు వివరించడం మొదలుపెట్టాను. ఆవిడ వినలేదు. వాదించలేదు కూడా. కనుమ నాటి సాయంత్రానికి కొత్త ఫోనుతో ఇంటికొచ్చి, పాతదాన్ని చీరకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది మీరు వాడుకోండి. మీదానికంటే ఇరవై తొమ్మిది ఎక్కువట. ఛార్జరు మాత్రం ఇవ్వను, కొత్తదాంతో ఛార్జరు రాలేదు."